మూత్రపిండరోగి మాట తడబడినపుడు



నేడు పట్టములందుకొని, రేపటినుండి నడిరేయి వార్డులలో ఒంటరిగ నిర్ణయములు గైకొనవలసిన మీతో నేను ముచ్చటింపదలచినది ఒక్క లక్షణమును గూర్చియే: మూత్రపిండములు చెడిన మనిషికి జ్వరము సోకినపుడు కలుగు మతిభ్రమ. ఉద్దానమున కవిటి, సోంపేట ప్రాంతముల కొబ్బరితోటల నడుమనుండి డయాలిసిస్‌కై వచ్చిన రోగి యొకడు మాట తడబడి, దిక్కులు చూచుచు పడియున్నపుడు, రక్తమున యూరియా పెరిగినదని యొక్కమాటతో సరిపుచ్చుకొనుట ఎంత సులభమో, అంత ప్రమాదకరము.

అంటురోగమునకు శరీరము అదుపుతప్పి ప్రతిస్పందించుటచే అవయవములు ప్రాణాపాయకరముగ చెడుటయే సెప్సిస్ అని 2016లో నిపుణులు నిర్వచించిరి. ఆ యవయవములలో మెదడొకటి. రక్తములోని శోథకారక ద్రవ్యములు రక్తమునకును మెదడునకును నడుమగల అవరోధమును సడలించి, అసలవరోధమే లేని కొన్ని చిన్నతావులను సూటిగ తాకి, మైక్రోగ్లియా కణములను రెచ్చగొట్టును. ఉదరమునందలి యలజడిని వాగస్ నాడియు మస్తిష్కకాండమునకు చేరవేయుచుండును. అంతట సహానుభూత నాడీవ్యవస్థ యుద్రేకించి గుండెవడి హెచ్చును. ఆ యుద్రేకము దీర్ఘకాలము నిలిచెనా, గుండెకండరమే నలిగిపోవును.

మూత్రపిండరోగియందు ఈ నాడీవ్యవస్థ జ్వరమునకు ముందే యుద్రిక్తమై యుండును. 1992లో డల్లాస్ వైద్యులు డయాలిసిస్ రోగుల కాలినాడిలో సన్నని సూదినుంచి, కండరములకు పోవు సహానుభూత సంకేతముల వెల్లువలను లెక్కింపగా, నిమిషమునకు సుమారు 58 తేలినవి. ఆరోగ్యవంతులలో 23 మాత్రమే. అంతకన్న నాకు విస్మయము గొలిపినది వేరొకటి కలదు: రెండు మూత్రపిండములును తొలగింపబడి, డయాలిసిస్‌తోనే జీవించుచున్నవారిలో అవి 21. అనగా చెడిన మూత్రపిండము మూలనపడి మౌనము వహింపక, మెదడును రేయింబవళ్లు ప్రేరేపించుచునే యున్నదన్నమాట. అట్టి దేహముమీద సెప్సిస్ వచ్చి పడుచున్నది.

కావున రోగి భార్య మీ చెంతకు వచ్చి, “బాబూ, నిన్నటి మనిసిలాగ లేడండి” అనినపుడు, ఆమె మాటను రక్తపరీక్షతో సమానముగ గౌరవింపుడు. శ్వాసను మీరే లెక్కింపుడు. డయాలిసిస్ గొట్టమున్నచోట కట్టువిప్పి చూడుడు. మూత్రపిండములు చెడినవని జంకి యాంటీబయాటిక్ తొలిమోతాదును తగ్గింపకుడు. తరువాతి మోతాదులను మాత్రము తప్పక సవరింపుడు, ఏలయన సెఫెపైమ్ వంటి మందు విసర్జింపబడక నిలిచిపోయినచో అదియే మతిని భ్రమింపజేయును. జ్వరము తగ్గినను రోగి తేరుకొననిచో, మరల మంచము ప్రక్కకు పోయి, మందుల పట్టికను మొదటినుండి చదువుడు.