నారింజ పట్టీ పీపాలు



వరిలో వెడల్పాకు కలుపుకు కొట్టిన 2,4-డి గాలివాటానికి పక్కనున్న పత్తి చేలో పడితే ఏమవుతుందో ఇవాళ పట్టాలు అందుకుంటున్న వ్యవసాయ విద్యార్థులైన మీకు తెలుసు. పత్తాకు సన్నబడి, చీలికలై, బెండాకులా మారిపోతుంది. రైతు గట్టు మీద నిలబడి తల పట్టుకుంటాడు. పొరపాటున సోకిన కాస్త మందుకే అంత నష్టం. అలాంటిది విమానాల్లో నింపుకుని పదేళ్లపాటు, కావాలనే చల్లితే?

వియత్నాం యుద్ధంలో జరిగింది అదే. 1961 నుంచి 1971 దాకా అమెరికా సైన్యం అక్కడ ఏడు కోట్ల లీటర్లకు పైగా కలుపుమందులు చల్లింది. శత్రువు దాక్కోవడానికి చెట్టు చాటు ఉండకూడదని. అందులో ఎక్కువ భాగం 2,4-డి, 2,4,5-టి సమపాళ్లలో కలిపిన మందు. పీపాల మీది నారింజ పట్టీని బట్టి దానికి ఏజెంట్ ఆరెంజ్ అని పేరు.

2,4-డి వరిని చంపదని మీకు తెలుసు. వాళ్లకూ తెలుసు. అందుకే వరి చేల కోసం నీలం పట్టీ పీపాల్లో ఆర్సెనిక్ మందు వేరేగా తెచ్చారు. ఏ మందు ఏ మొక్కను చంపుతుంది, దేన్ని వదిలేస్తుంది అని మనం తరగతిలో చెప్పుకునే పాఠమే, జనం అన్నం తినే చేలను మాడ్చడానికి పనికొచ్చింది. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టుంటుంది.

2,4,5-టి తయారీలో పుట్టే డయాక్సిన్ అనే విషం అంత తేలిగ్గా పోయేది కాదు. చెరువు అడుగు బురదలో చేరింది. అక్కడి నుంచి చేపకు, బాతుకు, వాటిని తిన్న తల్లికి, చనుబాలతో బిడ్డకు. యుద్ధం 1975లో ముగిసింది. పీపాలు నిల్వ చేసిన డా నాంగ్ విమానాశ్రయంలో విషపు మట్టిని 300 డిగ్రీలకు పైగా వేడిచేసి శుభ్రపరిచే పని 2018లో గానీ పూర్తికాలేదు.

ఆ మందుల దెబ్బకు సైగాన్ దగ్గరి కాన్ జో మడ అడవి మోడులై మిగిలింది. పీతలకు, చేపపిల్లలకు, కొంగలకు నీడ లేకుండా పోయింది. 1978 నుంచి అక్కడి జనం దక్షిణాన ఉన్న కా మావు నుంచి పడవల్లో మడ మొలకలు తెచ్చి, బురదలో దిగి ఒక్కొక్కటే గుచ్చారు. కోరింగ మడ అడవిని చూసినవాళ్లకు అది ఎంత ఓపిక పనో అర్థమవుతుంది.

చివరగా ఒక విద్యార్థి సంగతి. ఆర్థర్ గాల్‌స్టన్ 1943లో, ఇరవై మూడేళ్ల వయసులో, సోయా చిక్కుడు త్వరగా పూతకొచ్చే ఉపాయం మీద డాక్టరేట్ చేశాడు. మోతాదు మించితే ఆకులు రాలిపోతాయని కూడా గమనించాడు. ఆ సంగతి సైన్యపు పరిశోధకుల కంటబడింది. తన పని ఎటు దారితీసిందో తెలిశాక ఆయన ఊరుకోలేదు. తోటి శాస్త్రవేత్తలను కూడగట్టి ప్రభుత్వానికి రాశాడు, సభల్లో నిలదీశాడు. ప్రకృతిని సామూహికంగా హతమార్చే ఆ నేరానికి 1970లో ‘ఎకోసైడ్’ అని పేరు పెట్టాడు. మరుసటి ఏడాది చల్లడం ఆగింది.

మీలో కొందరు రేపు కంపెనీల్లో, ప్రయోగశాలల్లో చేరతారు. మీరు కనిపెట్టినదాన్ని ఎవరు, దేనికి తీసుకుంటున్నారో అడగండి. జవాబు మీ మనసుకు ఒప్పకపోతే కాగితం మీద పెట్టి, కింద మీ పేరు రాసి పంపండి.