మందుబిళ్ళ విలువ
(పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని, పాఠం మాత్రం చెప్పవద్దని కార్యదర్శిగారు ముందే హెచ్చరించారు. చాలాకాలం డిస్పెన్సరీలో మందులిచ్చిన వాణ్ణి కనుక నా కబుర్లు మందుల చుట్టూనే తిరుగుతాయి, మన్నించాలి.

రిటైరయ్యాక కొందరు మొక్కలు పెంచుతారు, కొందరు చదరంగం ఆడతారు. నాది పేపరు కత్తిరింపుల పిచ్చి. మందుల మీద వార్త కనబడితే కత్తిరించి, తేదీ వేసి, నోటుబుక్కులో అంటిస్తాను. వాటిని వరసగా తిరగేస్తే ఒక కథ కనిపిస్తుంది. అందులో సగం మన తెలుగువారిదీ, మన ప్రాంతానిదీ.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆ బృందంలోని డగ్గర్ అనే శాస్త్రవేత్త కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో ప్రపంచానికి పరిచయమైంది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. అంతకుముందు మామూలు గాయం చీము పట్టినా, న్యుమోనియా వచ్చినా ఇంట్లోవాళ్ళు దేవుడి మీదే భారం వేసేవారు. ఆ భయాన్ని తగ్గించినవి ఇలాంటి మందులే.

తర్వాత 1961లో ఐడీపీఎల్ ఏర్పడింది. సోవియట్ సహాయంతో బాలానగర్‌లో దాని మందుల ఫ్యాక్టరీ వచ్చింది. ఆ తర్వాత మన పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం వైపు మందుల కంపెనీలు బారులు తీరాయి. తెల్లాపూర్ చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళకు ఆ జీతాలతోనే పొయ్యి వెలిగింది. ఆ మేలు మరువకూడదు.

అయితే దానికి రెండో ముఖం కూడా ఉంది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే పటాన్‌చెరు కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని వారు పరీక్షించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. రోజుకు 45 కిలోల మందు నీళ్ళలో పోతున్నదని, అది స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడే మొత్తంతో సమానమని లెక్కకట్టారు. అలాంటి నీటిలో బతకడం నేర్చిన సూక్ష్మజీవికి మనం మింగే బిళ్ళ ఒక లెక్కా?

ప్రభుత్వం 2020 జనవరిలో వ్యర్థజలాల్లో యాంటీబయోటిక్కులకు పరిమితులు విధిస్తూ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వ్యర్థాలపై మార్గదర్శకాలు విడుదల చేసింది. మందులకు లొంగని బాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది నేరుగా చనిపోయారని అంచనా.

ఫ్యాక్టరీల సంగతి ప్రభుత్వాలు చూడాలి, మనమూ అడుగుతూ ఉండాలి. కానీ మన ఇంటి మందుల డబ్బా మన చేతిలోనే ఉంది. జలుబు చేస్తే పోయినసారి మిగిలిన యాంటీబయోటిక్ రెండు బిళ్ళలు వేసుకోవడం, పక్కింటి అక్కకు గొంతునొప్పి అంటే మన స్ట్రిప్పు ఇచ్చి పంపడం, మందుల షాపులో పేరు చెప్పి తెచ్చుకోవడం మన పెన్షనర్ల ఇళ్ళలో మామూలే. మామూలు జలుబుకు కారణం వైరస్. దానిమీద యాంటీబయోటిక్ పనిచేయదు. తక్కువ మోతాదులో వాడితే సూక్ష్మజీవులు మొండికేస్తాయని పెన్సిలిన్ కనుగొన్న ఫ్లెమింగ్ 1945లోనే, నోబెల్ ఉపన్యాసంలో హెచ్చరించారు.

అందుచేత నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. స్ట్రిప్పు మీద నిలువుగా ఎర్రగీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా ముట్టుకోవద్దు. డాక్టరును "ఇది యాంటీబయోటిక్కా? ఎన్ని రోజులు వాడాలి?" అని తప్పక అడగండి. అడగడం అమర్యాద కాదు. చెప్పినన్ని రోజులు వాడండి, ఒకరి మందు మరొకరికి ఇవ్వకండి. బీపీ, షుగరు గోలీల సంగతి వేరు. నెమ్మదించిందని వాటిని సొంతంగా మానేయకూడదు. మీరు వాడే మందులన్నీ ఒక కాగితంమీద రాసి జేబులో పెట్టుకోండి. కొత్త డాక్టరుకు అంతకంటే పనికొచ్చే కాగితం లేదు.

చివరగా ఒక మాట. 2025 జూన్ 30న పాశమైలారంలో, బిళ్ళల తయారీకి వాడే పొడిని చేసే ఫ్యాక్టరీలో పేలుడు జరిగి యాభైమందికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. చాలామంది పొట్టకూటికి వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవారు. స్ట్రిప్పు మీద అచ్చువేసిన ధర ఒక్కటే మందు ధర కాదు. దాని వెనక ఒక శాస్త్రవేత్త జీవితం, ఒక కార్మికుడి చెమట, ఒక వాగు నీళ్ళు ఉన్నాయి. అవసరమైనప్పుడు అది మన మనవడికి, మనవరాలికి పనిచేయాలంటే ఇవాళ మనం దాన్ని దుబారా చేయకూడదు.