సందడిలో మాట

వినికిడి తగ్గినవారు తరచుగా చెప్పే మాట ఒకటి ఉన్నది: "శబ్దం వినబడుతున్నది కాని మాట తెలియడం లేదు." ఇంట్లోవారు దీనిని నమ్మరు. వసారాలో ఎదురుగా కూర్చుని మాట్లాడితే అన్నిటికీ సరిగా బదులు చెప్పే పెద్దాయన, పెళ్లిపందిట్లో ఊరకే తల ఊపుతూ కూర్చుంటే, "ఆయనకు కావలసినవి మాత్రమే వినబడతాయి" అని నవ్వుకుంటారు. ఆ నవ్వు అన్యాయమైనది. ఆయన చెప్పినది అక్షరాలా నిజం.

చెవి లోపల నత్తగుల్ల ఆకారంలో కర్ణావర్తం అనే భాగం ఉన్నది. వయసు వలనను, ఏళ్ల తరబడి పెద్ద చప్పుడులో పనిచేయడం వలనను అందులో ముందుగా దెబ్బతినేవి హెచ్చు శ్రుతి ధ్వనులను అందుకొనే కణాలు. మాటలో అచ్చులకు బలం ఎక్కువ. స, శ, త, క వంటి హల్లులను గుర్తుపట్టించే ధ్వనులు సన్నవి, బలహీనమైనవి. మనది అజంత భాష. పాటకు అది వరమే గాని, మందగించిన చెవికి చిక్కు. పాలు, కాలు, చాలు, తాలు అన్నప్పుడు చివరి ధ్వని చక్కగా చేరుతుంది. మొదటి హల్లు జారిపోతుంది. వంటింట్లో అయితే నవ్వి ఊరుకోవచ్చు. మిరపకాయల బేరంలో "తాలు" అన్న మాట జారిపోతే రైతు నష్టపోతాడు.

కంచికచర్ల ప్రాంతంలో ఈ సమస్య మరికొంత గట్టిగానే ఉన్నది. విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్లే జాతీయ రహదారి ఊరి పక్కనే రాత్రింబవళ్లు రొద చేస్తుంది. పరిటాల పరిసరాలలో రాతి క్వారీలు, క్రషర్లు ఉన్నవి. జగ్గయ్యపేట వైపు సిమెంటు కర్మాగారాలు. క్రషరు దగ్గర ఇరవై ఏళ్లు నిలబడిన మనిషి చెవులు ఆయన వయసు కంటె ముందుగానే ముసలివవుతాయి.

నిశ్శబ్దంలో మెదడు సందర్భాన్ని బట్టి జారిన హల్లును పూరించుకుంటుంది. సందడిలో మిగిలిన ఆ కొద్ది ఆనవాళ్లు కూడ కప్పబడిపోతాయి. పైగా, దెబ్బతిన్న చెవికి దగ్గర దగ్గర శ్రుతులను విడదీసే నేర్పు తగ్గుతుంది. రేడియో ఉన్న ఇంటివారికి ఇది తెలిసిన సంగతే. రాత్రివేళ మీడియం వేవులో పక్క స్టేషను కలిసి వస్తుంటే వాల్యూము పెంచి లాభం లేదు. రెండు స్టేషన్లూ పెరుగుతాయి. ముల్లు సరిచేయాలి. బజారులో నాలుగైదు వందలకు దొరికే "చెవి మిషను" అనేది ఉత్త వాల్యూము మాత్రమే. అందుకే అది రెండవ నాటికే బీరువా చేరుతుంది.

అసలైన వినికిడి యంత్రం అట్లా కాదు. దాని చరిత్ర రేడియో చరిత్రకు చుట్టమే. ట్రాన్సిస్టరును కనిపెట్టినది 1947 లో. దానితో జనం కొనుక్కునే వస్తువుగా బజారుకు తొలుత వచ్చినది ట్రాన్సిస్టరు రేడియో కాదు, వినికిడి యంత్రం. అది 1952 చివర. రేడియో 1954 లో గాని రాలేదు. నేటి యంత్రాన్ని వినికిడి పరీక్షలో వచ్చిన ఆడియోగ్రాముకు అనుగుణంగా అమరుస్తారు. ఏ శ్రుతి ఎంత తగ్గినదో దానిని బట్టి అక్కడ పెంచుతుంది. చిన్న మాటను హెచ్చుగాను, పెద్ద కేకను తక్కువగాను పెంచుతుంది. రెండు సన్నని మైకులు పెట్టి, ముందు వైపు వచ్చే ధ్వనికి పెద్దపీట వేస్తుంది.

ఇక ఇయర్‌బడ్ల సంగతి. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో సెలవుకు వచ్చినప్పుడు తెచ్చి, "నాన్నా, దీనిలోనే వినికిడి యంత్రం కూడ ఉన్నది" అని చెవిలో పెడుతున్నారు. ఇది వట్టి మాట కాదు. అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ 2024 సెప్టెంబరులో యాపిల్ కంపెనీ ఎయిర్‌పాడ్స్ ప్రో రెండవ తరానికి, పద్దెనిమిదేళ్లు నిండి స్వల్పంగాగాని మధ్యమంగాగాని వినికిడి తగ్గినవారి నిమిత్తం, అటువంటి సాఫ్ట్‌వేరును అనుమతించింది. ఆ సదుపాయం అన్ని దేశాలకు ఒకేసారి రాలేదు. ఆ ఏడాదే బెంగుళూరులో కొందరు యువకులు తమ అమ్మమ్మల, నానమ్మల కోసం రేకుతో పెట్టె చేసి, ఆ పరికరాన్ని తాను అమెరికాలో ఉన్నాననుకునేట్లు చేశారు! ప్రేమకు ఉపాయం కొదవ కాదు.

పని ఎట్లా చేస్తున్నవి? 2022 లో తైవాను వైద్యులు స్వల్ప, మధ్యమ లోపం ఉన్న 21 మందితో అప్పటి ఎయిర్‌పాడ్స్ ప్రోను వినికిడి యంత్రాలతో పోల్చి పరీక్షించారు. నిశ్శబ్దంలో మామూలు రకం యంత్రానికి అది దాదాపు సమానంగా నిలిచింది. గోల పక్క నుంచి వచ్చినప్పుడు ఖరీదైన యంత్రానికి కూడ దీటు వచ్చింది. గోల ఎదుటి నుంచే వచ్చినప్పుడు మాత్రం ఉపకరించలేదు. పెళ్లిలో మేళం ఎదురుగానే ఉంటుంది గదా!

ఇయర్‌బడ్డు చెవిని బిరడా వలె మూస్తుంది. ఫ్యాను, ఇంజను వంటి ఎడతెగని మోతను అణచడానికి అది మేలే. కాని తన గొంతు తనకే కుండలో మాట్లాడినట్లు మోగుతుంది. బ్యాటరీ కొద్ది గంటలకే అయిపోతుంది. వినికిడి యంత్రం పొద్దున్న పెట్టుకుంటే రాత్రి వరకు ఉంటుంది. మరొక చిక్కు మన మర్యాదలకు సంబంధించినది. చెవిలో తెల్లని మొగ్గ చూసి, తాతయ్య సినిమా పాటలు వింటున్నాడనుకుని పలకరించకుండా వెళ్లిపోతారు. వినికిడి యంత్రమైతే జనం చెవిటితనం అంటగడతారని భయం. రెండింటిలో ఏ నింద తేలికో వారే నిర్ణయించుకోవాలి.

అయితే ఈ రెండింటి మధ్య తేడా కంటె పెద్ద తేడా మరొకచోట ఉన్నది. దానిని మా వృత్తి ఎప్పుడో పట్టుకున్నది. రహదారి పక్కన రైతు మాటను రికార్డు చేయవలసి వస్తే మేము గొప్ప మైకు కోసం వెదకము. ఉన్న మైకునే ఆయన నోటికి నాలుగు వేళ్ల దూరంలో పెడతాము. ఆరుబయట దూరం సగమైతే మాట బలం ఆరు డెసిబెళ్లు పెరుగుతుంది. గోల మాత్రం ఉన్నంతే ఉంటుంది. యంత్రంలోని జంట మైకులు సాధించేది, ప్రతిధ్వనించే కల్యాణమండపంలో, ఆపాటి కూడ ఉండదు. ఒకసారి ఆ వైపు రికార్డింగులో, ప్రశ్న తెలియక ఇబ్బందిపడుతున్న ఒక వృద్ధుని చెవులకు మా హెడ్‌ఫోను తగిలించాము. ఆయన కళ్లు పెద్దవి చేసి, "ఇంతసేపూ ఎందుకయ్యా గొణిగావు?" అని నన్నే అడిగాడు.

ఎదుటివారి చొక్కాకు తగిలించే చిన్న మైకు, అక్కడి నుంచి నేరుగా వినికిడి యంత్రానికి మాటను పంపే ఏర్పాటు నేడు దొరుకుతున్నది. బడిలో పిల్లలకు, సమావేశాలలో పెద్దలకు దీనిని మించినది లేదని నా అభిప్రాయం. ఫోనును బల్ల మీద మైకుగా పెట్టి ఇయర్‌బడ్డులో వినే పద్ధతి కూడ ఉన్నది. అందులో మాట కొంచెం ఆలస్యంగా చేరుతుంది. పెదవుల కదలికకు, మాటకు పొంతన కుదరదు. ఏదీ లేనివారికి దగ్గరగా జరిగి కూర్చోవడం, వెలుతురు ముఖం మీద పడేట్లు చూసుకోవడం ఖర్చులేని వైద్యం.

దేనికైనా ముందు చెవి పరీక్ష కావాలి. ఒక్కొక్కప్పుడు గులిమి తీస్తే చాలును. విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగం ఉన్నది. మైసూరులో 1965 లో స్థాపించిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉన్నది. కేంద్ర ప్రభుత్వం 1981 లో ఆరంభించిన సహాయ ఉపకరణాల పథకం కింద అర్హులకు యంత్రాలు ఇస్తారు. ఒక చెవి అకస్మాత్తుగా మూగబోతే ఏ పరికరమూ కొనవద్దు. ఆ రోజే వైద్యుని చూడాలి. లోపం తీవ్రమైనవారికి ఇయర్‌బడ్డు చాలదు. పిల్లల నిమిత్తం అది ఉద్దేశింపబడలేదు. స్వల్పలోపమై, పెళ్లికో సభకో మాత్రమే ఇబ్బంది అయినవారు, ఇంట్లో ఉన్న ఇయర్‌బడ్డును ముందు వాడి చూడడంలో తప్పు లేదు. మన దేశంలో ఆ సదుపాయం పనిచేస్తున్నదో లేదో మాత్రం సరిచూసుకోవాలి.

కొనే ముందు దుకాణంలోని ప్రశాంతమైన గదిలో విని తృప్తిపడకండి. అనుమతిస్తే రహదారి పక్క టీ దుకాణం దాకా తీసుకువెళ్లండి. ఇంటివారిని పక్కన కూర్చోబెట్టి, మీరు కళ్లు మూసుకొని, పాలు, కాలు, చాలు, తాలు వంటి మాటలు వరుస తప్పించి ఇరవై చెప్పించుకోండి. ఏ పరికరంతో ఎన్ని సరిగా వచ్చినవో కాగితం మీద వ్రాయించి, ఆ తరువాత ధర అడగండి.