చెప్పి వచ్చిన మన్యం వీరుడు



మీరు అమ్మానాన్నలతో తిరిగే ఓక్ ట్రీ రోడ్డు పరిసరాల్లో ఒకప్పుడు యుద్ధం జరిగిందని తెలుసా? 1777 జూన్ 26న, మన ఐసెలిన్‌కు ఆనుకొని ఉన్న ఎడిసన్ ప్రాంతంలో వాషింగ్టన్ సైనికులు ఆంగ్లేయుల సేనతో తలపడ్డారు. నూట నలభై అయిదేళ్ల తరువాత అదే ఆంగ్ల ప్రభుత్వాన్ని మన తెలుగునాట ఎదిరించిన యువకుడు అల్లూరి సీతారామరాజు. ఈనాడు ఆయన కథ చెబుతాను.

మీలో చాలామంది ‘ఆర్.ఆర్.ఆర్.’ సినిమా చూసి ఉంటారు. అది కల్పన. రాజు పోలీసు ఉద్యోగం చేయలేదు, కొమరం భీమ్‌ను కలుసుకోనూ లేదు. అసలు కథలో అంత ఆర్భాటం లేదు కాని, నాకు అదే ఇష్టం.

రాజు 1897లో జన్మించారు. ఇరవై ఏళ్లకే సన్యాసి వేషంలో గూడెం కొండలకు చేరారు. అక్కడి గిరిజనులకు పోడు వ్యవసాయమే బ్రతుకు. కొండవాలులో చెట్లు కొట్టి, కాల్చి, ఆ బూడిదలో విత్తనాలు చల్లుకొనేవారు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చాక తాతల నాటి కొండమీద గొడ్డలి పెట్టడమే నేరమైంది! పైగా అధికారులు వారిచేత బలవంతంగా రోడ్డు పని చేయించి, కూలి సరిగా ఇచ్చేవారు కాదు.

1922 ఆగస్టు 22న రాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద పడింది. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు దొరికాయి. తీసుకొన్న ఆయుధాల లెక్క స్టేషను పుస్తకంలో రాసి, రాజు కింద సంతకం పెట్టారు. దొంగ ఎక్కడైనా సంతకం పెడతాడా? తరువాత దాడికి ముందే కబురు పంపడం మొదలుపెట్టారు. జాబుకు మిరపకాయలు కట్టి పంపేవారట. అందుకే దానికి ‘మిరపకాయ టపా’ అని పేరు వచ్చింది.

సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారులు దళం చేతిలో మరణించారు. ప్రభుత్వం రాజు తలకు పదివేల రూపాయలు వెల కట్టింది. అస్సాం రైఫిల్స్ సైన్యాన్ని దింపింది. దళానికి అన్నం పెట్టారన్న అనుమానంతో పల్లెలను బాధించింది. పోరాటంలో ఈ భాగం చెప్పుకోవడం తక్కువ. కాని పిల్లలూ, ఆ రెండేళ్లూ ఎక్కువ కష్టం పడింది పేరు లేని ఆ పల్లె జనమే.

1924 మే 7న రాజు పట్టుబడ్డారు. న్యాయస్థానం లేదు, విచారణ లేదు. కొయ్యూరులో చెట్టుకు కట్టి కాల్చి చంపారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్లు నిండలేదు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది.

ఆయన అనుచరుల్లో గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు. గంటందొర కూడా ఆ ఏడాదే కాల్పుల్లో మరణించాడు. మల్లుదొర పట్టుబడి ఏళ్ల తరబడి జైలులో మగ్గాడు. 1952లో, స్వతంత్ర భారతదేశపు మొదటి ఎన్నికలలో, ఆ మల్లుదొరనే విశాఖపట్నం ప్రజలు లోక్‌సభకు పంపారు.