సాక్షిని మళ్లీ విచారించిన వ్యాఖ్యాతలు



ఈ సదస్సుకు వ్యాఖ్యాన సాహిత్యాన్ని అంశంగా ఎంచుకున్నందుకు ముందుగా నిర్వాహకులను అభినందిస్తున్నాను. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథ సూరి మన మెదక్ సీమవాడు. వేదం వేంకటరాయశాస్త్రిగారి వ్యాఖ్య చెయ్యి పట్టుకుని ఆముక్తమాల్యదలోకి అడుగుపెట్టినవారు ఈ సభలోనే చాలామంది ఉంటారు. కావ్యవ్యాఖ్యల గురించి ఈ రెండు రోజులూ ఎలాగూ వింటాం. అధ్యక్షుడిగా నాకిచ్చిన సమయాన్ని మన సభల్లో అరుదుగా చర్చకు వచ్చే మరో రకం వ్యాఖ్యకు కేటాయిస్తాను. అది చరిత్ర గ్రంథానికి రాసే వ్యాఖ్య.

కావ్యవ్యాఖ్యాత అన్వయం చెబుతాడు, అలంకారం చూపిస్తాడు, పాఠాంతరాలు తేలుస్తాడు. రఘువు ఏ ఏట దిగ్విజయానికి బయలుదేరాడో, వెంట ఎంత సైన్యం ఉందో మల్లినాథుడు తేల్చనక్కరలేదు. చరిత్రకారుడికి వ్యాఖ్య రాసేవాడికి ఆ వెసులుబాటు లేదు. వాక్యం అర్థమయ్యాక, అందులో చెప్పింది నిజంగా జరిగిందా అని అతను అడిగి తీరాలి. ఆ ప్రశ్నను తరతరాలుగా ఓపిగ్గా అడిగించుకున్న గ్రంథం గ్రీకు చరిత్రకారుడు థ్యుసిడిడీస్ రాసిన పెలొపొనీసియన్ యుద్ధ చరిత్ర.

ఏథెన్స్, స్పార్టాల మధ్య ఆ యుద్ధం క్రీ.పూ. 431లో మొదలై 404లో ఏథెన్స్ పతనంతో ముగిసింది. థ్యుసిడిడీస్ ఏథెన్స్ పౌరుడు, సేనాని కూడా. 424లో ఏడు ఓడలతో థాసోస్ ద్వీపం నుంచి పరుగున వెళ్లినా ఆంఫిపోలిస్ నగరాన్ని కాపాడలేకపోయాడు. ఆ సాయంత్రం ఈయాన్ రేవును మాత్రం నిలబెట్టాడు. ఫలితంగా ఇరవై ఏళ్ల ప్రవాసం. ఈ సంగతంతా తనే, సంజాయిషీ ఇచ్చుకోకుండా రాశాడు. గ్రంథం 411వ సంవత్సరపు సంఘటనల దగ్గర, ఒక వాక్యం మధ్యలో ఆగిపోయింది.

ఆయన తీర్పు మన ముందు పెడతాడు. తనకు ఎవరు చెప్పారో, ఎవరి మాట తోసిపుచ్చాడో దాదాపు ఎక్కడా చెప్పడు. ఆ నిబ్బరం పాఠకుణ్ణి లొంగదీసుకుంటుంది. వ్యాఖ్యాత అవసరం పుట్టేది అక్కడే.

ఆ పని ప్రాచీనకాలంలోనే మొదలైంది. రోమ్‌లో పాఠాలు చెప్పిన హాలికర్నాసస్ డయోనిసియస్, థ్యుసిడిడీస్ శైలి కొరకరానిదనీ, వేసవులు, శీతకాలాలుగా కథను ముక్కలు చేయడం తప్పనీ విమర్శించాడు. ఈజిప్టులోని ఆక్సిరింకస్ చెత్తదిబ్బల్లో దొరికిన ఒక పపైరస్ మీద థ్యుసిడిడీస్ గ్రంథం రెండో సంపుటానికి రాసిన వ్యాఖ్య ఉంది. 1908లో అచ్చయిన ఆ వ్యాఖ్యలో, పేరు తెలియని పండితుడు డయోనిసియస్ ఆక్షేపణలకు ఒక్కొక్కటిగా సమాధానం చెబుతాడు. రాతప్రతుల అంచుల్లో మిగిలిన టిప్పణులు రాసినవారూ తక్కువవాళ్లు కారు. కోర్సైరా అంతర్యుద్ధ వర్ణనలో ఒక అధ్యాయం మూలకర్తది కాదని వారు అప్పుడే గుర్తు పెట్టారు. ఆధునిక పండితుల్లో ఎక్కువమంది వారితోనే ఏకీభవిస్తారు. ప్రక్షిప్తాలను ఏరడం అచ్చుయంత్రం తర్వాత పుట్టిన విద్య అనుకునేవారికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

1452లో లోరెంజో వల్లా లాటిన్ అనువాదం, 1629లో థామస్ హాబ్స్ ఇంగ్లీషు అనువాదం, 19వ శతాబ్దంలో క్లాసెన్ వంటి జర్మన్ పండితుల వ్యాకరణ పరిశ్రమ, ఇవన్నీ దాటి 1945కు వస్తాను. గ్లాస్గోలో గ్రీకు బోధించిన ఎ. డబ్ల్యు. గామ్ తన వ్యాఖ్య మొదటి సంపుటం వెలువరించింది ఆ ఏడే. దాని ఉపోద్ఘాతంలో ఆయన పట్టుకున్న విషయం నాకు ఎంతో విలువైనది. థ్యుసిడిడీస్ తన పాఠకులకు తెలుసులే అని చెప్పకుండా వదిలేసినవి ఏవి? ఓడను నడిపేందుకు ఎంత ఖర్చు, పౌరసభ ఎలా సాగేది, పదాతి సైనికుడు తిండి ఎక్కడ సంపాదించుకునేవాడు? సమకాలికుడికి చెప్పనక్కరలేనివి మనకు చెప్పకపోతే గ్రంథం సగమే అర్థమవుతుంది. చరిత్ర వ్యాఖ్యకు ఇంతకంటే మంచి ప్రారంభం నాకు తెలియదు.

ఇక వ్యాఖ్యాతలు పిలిచిన సాక్ష్యాలు చూడండి. మొదటిది రాయి. క్రీ.పూ. 420లో ఏథెన్స్, ఆర్గోస్, మాంటినియా, ఎలిస్ నగరాలు నూరేళ్లకు చేసుకున్న ఒడంబడికను థ్యుసిడిడీస్ యథాతథంగా ఎత్తి రాశాడు. అదే ఒడంబడిక చెక్కిన శాసన శకలం 19వ శతాబ్దంలో ఏథెన్స్‌లో దొరికింది. పక్కపక్కన పెట్టి చూస్తే విషయం ఒకటే, మాటల కూర్పులో చిన్న చిన్న తేడాలున్నాయి. అప్పటికి ప్రవాసంలో ఉన్నవాడికి ఏథెన్స్ ప్రతి ఎలా అందింది? ఒలింపియాలో కంచు ఫలకం నిలపాలని ఒడంబడికలోనే ఉంది కాబట్టి అక్కడి నుంచి నకలు తీసుకున్నాడా? శాసనాలతో పనిచేసే మిత్రులకు ఈ రకం ప్రశ్నలోని ఆనందం నేను వివరించనక్కరలేదు.

రెండోది ఆకాశం. యుద్ధం మొదలైన తొలి వేసవిలో సూర్యగ్రహణం పట్టిందనీ, సూర్యుడు నెలవంకలా కనబడ్డాడనీ, కొన్ని చుక్కలు కూడా కనిపించాయనీ రాశాడు. గణితజ్ఞులు దాన్ని 431 ఆగస్టు 3గా లెక్కకట్టారు. సిసిలీలోని సిరక్యూస్ ముట్టడిలో సేనాని నికియస్‌ను కదలనివ్వకుండా చేసి ఏథెన్స్ సైన్యాన్ని నాశనం వైపు నెట్టిన చంద్రగ్రహణం 413 ఆగస్టు 27 నాటిది. అన్ని నగరాలకూ ఉమ్మడిగా ఒక శకం లేని కాలంలో ఆయన ఆర్గోస్ పూజారిణి ఎన్నో ఏట, స్పార్టాలో ఏ అధికారి ఉండగా అని యుద్ధారంభాన్ని గుర్తించాడు. ఆ లెక్కలకు ఈ గ్రహణాలే గట్టి మేకులు.

మూడోది నేల. ఇక్కడ థ్యుసిడిడీస్‌కు కష్టం వచ్చింది. 425లో పైలోస్ దగ్గర స్ఫాక్టీరియా ద్వీపంలో చిక్కుకున్న 420 మంది స్పార్టా పక్షపు పదాతుల్లో 292 మంది ప్రాణాలతో పట్టుబడ్డారు. స్పార్టన్లు లొంగిపోవడమా అని గ్రీకు లోకం నివ్వెరపోయింది. ఆ ద్వీపం పొడవు దాదాపు పదిహేను స్టేడియాలని థ్యుసిడిడీస్ రాశాడు; అంటే మూడు కిలోమీటర్ల లోపు. నిజంగా అది నాలుగు కిలోమీటర్లు దాటుతుంది. దక్షిణపు పాయలో ఎనిమిది, తొమ్మిది ఓడలు మాత్రమే పడతాయన్నాడు. ఆ పాయ కిలోమీటరుకు పైగా వెడల్పు. లీక్, గ్రండీ వంటి పరిశోధకులు స్వయంగా వెళ్లి చూసి వచ్చారు. లేఖకుడు అంకె తప్పు రాశాడని కొందరు, ఆయన ఆ చోటు చూడకుండా సైనికుల మాట మీద ఆధారపడ్డాడని మరికొందరు వాదించారు. గామ్ కూడా ఈ లెక్కను తప్పించుకోకుండా ఎదుర్కొన్నాడు. తాను జీవితం ధారపోసిన గ్రంథకర్త పొరబడ్డ చోట పొరబడ్డాడని రాయడంలో ఉన్న భక్తిని నేను గొప్పదిగా భావిస్తాను. మూలకర్తను ఎలాగైనా సమర్థించడమే వ్యాఖ్యాత ధర్మమన్న అలవాటు మనలో ఇంకా ఉంది.

నాలుగోది శరీరం. 430లో ఏథెన్స్‌ను కబళించిన మహమ్మారి థ్యుసిడిడీస్‌కూ సోకింది. తలలో మంట, కళ్లు ఎర్రబారడం, ఆరని దాహం, ఒంటి మీద పొక్కులు అన్నీ వరసగా రాశాడు. మళ్లీ వస్తే గుర్తుపట్టడానికి పనికొస్తుందని రాశానన్నాడు. కోలుకున్నవారికి రెండోసారి ప్రాణాంతకంగా రాదనీ, వారే రోగుల మీద ఎక్కువ జాలి చూపారనీ గమనించాడు. ఇంత స్పష్టంగా రాసినా అది ఏ జబ్బో ఇప్పటికీ తేలలేదు. గ్రీకు పండితుడు డెనిస్ పేజ్ 1953లో తట్టు అని వాదించాడు. టైఫస్, మశూచి అన్నవారు ఉన్నారు. 1990లలో ఏథెన్స్ మెట్రో తవ్వకాల సమయంలో కెరామైకోస్ దగ్గర సామూహిక సమాధి బయటపడింది. అక్కడి పళ్ల నుంచి తీసిన డీఎన్ఏ ఆధారంగా 2006లో టైఫాయిడ్ అన్నారు. ఆ ఫలితాన్నీ ఇతర శాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు. పండితుడు, వైద్యుడు, తవ్వకందారు ముగ్గురూ ఒకే పేజీ మీద కూర్చోవలసిన చోటు ఇది.

గామ్ 1956లో మరో రెండు సంపుటాలు తెచ్చి, 1959లో కన్నుమూశాడు. పని ఆగలేదు. ఆంటొనీ ఆండ్రూస్, కెన్నెత్ డోవర్ దాన్ని అందుకుని 1970లో నాలుగో సంపుటం, 1981లో ఐదోది వెలువరించారు. సిసిలీ దండయాత్రకు వ్యాఖ్య రాసిన డోవర్ రెండో ప్రపంచయుద్ధంలో ఎడారిలోనూ ఇటలీలోనూ ఫిరంగి దళంలో పనిచేసినవాడు. థ్యుసిడిడీస్ గ్రంథంలో ప్రసంగాలే లేని ఎనిమిదో సంపుటంలో స్పార్టా, పర్షియాల ఒడంబడిక మూడు రూపాల్లో ఎందుకు మిగిలిందో చర్చిస్తూ, తుది మెరుగు పడని రచన ఎలా ఉంటుందో ఆండ్రూస్ చూపించాడు. మొదటి సంపుటం నుంచి చివరిదానికి ముప్పై ఆరేళ్లు, ముగ్గురు మనుషులు.

తర్వాత సైమన్ హార్న్‌బ్లోయర్ 1991, 1996, 2008లలో మూడు సంపుటాల కొత్త వ్యాఖ్య రాశాడు. ఆయన వ్యాఖ్యానించిన ప్రతి గ్రీకు మాటకూ ఇంగ్లీషు ఇచ్చాడు. గ్రీకు రానివారికి కూడా తలుపు తెరిచిన మేలు అది. గామ్ అంతగా పట్టించుకోని మతం, మనుషుల పేర్లు, చరిత్రకారుడు హెరొడోటస్‌తో సంబంధం ఆయన దగ్గర పుష్కలంగా దొరుకుతాయి. వాదనలోని వేడి కోసం మాత్రం నేను గామ్ దగ్గరకే వెళతాను.

ఇక ఒక ప్రతిపాదన. థ్యుసిడిడీస్ రెండో సంపుటాన్ని, ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ ప్రసంగం, మహమ్మారి వర్ణన ఉన్న భాగాన్ని, సమగ్ర వ్యాఖ్యతో తెలుగులోకి తీసుకురావాలి. గ్రీకు తెలిసినవారు ఒకరు, ఒక వైద్యుడు, ఒక శాసన పరిశోధకుడు, మంచి తెలుగు రాసేవారు ఒకరు కలిస్తే ఇది సాధ్యం. ఆ అనుభవంతో, కృష్ణదేవరాయల కథ చెప్పే మన రాయవాచకం మీదికి రావాలి. ప్రతి వాక్యాన్నీ శాసనాలతో, నేలతో సరిచూసే వ్యాఖ్య దానికీ కావాలి. ఈ పనికి ఒక చిన్న సంఘాన్ని రేపటి ముగింపు సమావేశంలోనే ఏర్పాటు చేయాలని అధ్యక్షస్థానం నుంచి కోరుతున్నాను. చేరదలచినవారు ఈ సాయంత్రమే పేర్లు ఇవ్వండి.