మతమునకు సారమేది?

 

"మతము" అను శబ్దము "మన్" అను ధాతువునుండి పుట్టినది. తలంపు, అభిప్రాయము అని దాని యర్థము. "ధర్మము" అను శబ్దము "ధృ" అను ధాతువునుండి పుట్టినది. ధరించునది, నిలువఁబెట్టునది యని దాని యర్థము. వ్యవహారమునందు మన మీ రెండు మాటలను గలిపివేసితిమి. మనుష్యుఁడు తలఁచునది మతము. వానిని, వాని యింటిని, వాని యూరిని గూలనీయక నిలుపునది ధర్మము. తలంపులు మనుష్యునకు మనుష్యునకు వేఱగును. నిలుపునదియు నట్లే వేఱుగా నుండునా? ఈ ప్రశ్నకు మన తెలుఁగుసీమలోనే ఱాతిపైఁ జెక్కఁబడిన సమాధాన మొకటి గలదు. దానిని మీకు విన్నవించెదను.

కర్నూలు జిల్లాలో గుత్తికిని బత్తికొండకును నడిమి త్రోవలో ఎఱ్ఱగుడి యను గ్రామ మున్నది. దాని చెంత బండలమీఁద మౌర్య చక్రవర్తియైన అశోకుఁడు క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దమునఁ జెక్కించిన శాసనములు గలవు. పెద్ద శిలాశాసనములు 14ను, వానితోఁ గూడఁ జిన్న శాసనములును అచ్చట నున్నవి. భాష ప్రాకృతము, లిపి బ్రాహ్మి. చిన్న శాసనమునఁ గొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి యెడమకును, మడక చాలు తిరిగినట్లు నడచుచున్నవి. తల్లిదండ్రులకు శుశ్రూష చేయవలయును, ప్రాణులయెడ దయ గలిగి యుండవలయును, సత్యము పలుకవలయును, శిష్యుఁడు గురువును గౌరవింపవలయును అని యందలి బోధ. అశోకుఁడు బౌద్ధుఁడు, నేను వైదికుల యింటఁ బుట్టినవాఁడను. అయినను ఈ బోధలో నాకుఁ బరాయి మాట యొక్కటియుఁ గనఁబడలేదు.

రాజులు సామాన్యముగా ఱాతిపైఁ దమ విజయములను జెక్కింతురు. ఇతఁడు 13వ శాసనమునఁ దన పశ్చాత్తాపమును జెక్కించెను. పట్టాభిషేకమైన 8 వత్సరములకుఁ గళింగమును జయించితిననియు, 1,50,000 మంది దేశమునుండి తరలింపఁబడిరనియు, 1,00,000 మంది యుద్ధమునందే హతులైరనియు, తక్కిన మృతులు దానికిఁ బెక్కింతలనియుఁ దానే చెప్పుకొనెను. పెద్దలను సేవించుచు, బంధుమిత్రులయెడఁ జక్కఁగా మెలఁగు గృహస్థులకుఁ గూడ నాపద వాటిల్లెనే యని మిక్కిలి వగచెను. ధర్మోపదేశము ననుసరించు జనులను బేర్కొనుచోట నాంధ్రుల పేరును ఆ శాసనమునందే గలదు. ఇంకొక విశేషము. యుద్ధము జరిగిన కళింగములోని ధౌలి, జౌగడలయందు ఈ శాసనమును జెక్కింపలేదు. బదులుగా అధికారులు ప్రజలను న్యాయముతోఁ బాలింపవలయునను ఆజ్ఞలను జెక్కించెను. కారణ మతఁడు చెప్పలేదు. బిడ్డను గోలుపోయిన తల్లికి రాజు పశ్చాత్తాపమును వినిపించుట కంటె, మిగిలిన బిడ్డకు న్యాయము చేయుట మేలని తలఁచెనేమో యని నాకుఁ దోఁచుచున్నది.

9వ శాసనము మన యిండ్లకు మఱింత దగ్గఱిది. రోగము వచ్చినపుడును, పెండ్లిండ్లయందును, బిడ్డ పుట్టినపుడును, ప్రయాణమునకు బయలుదేఱునపుడును జనులు పెక్కు మంగళకార్యములు చేయుదురనియు, వానిని జేయవచ్చును గాని ఫలము స్వల్పమనియు నందుఁ జెప్పెను. దాసులను, సేవకులను సరిగాఁ జూచుట, గురువులను గౌరవించుట, ప్రాణులయెడ నిగ్రహము, శ్రమణులకును బ్రాహ్మణులకును దానము: ఇవి ధర్మమంగళములనియు, వీని ఫలము గొప్పదనియుఁ బలికెను. కర్మకాండమును జదివినవాఁడనైనను నేను దీనిని గాదనఁజాలను. పెండ్లిపందిరిలో నక్షతలు చల్లుచుండఁగాఁ బందిరి వెనుక విస్తళ్లెత్తు మనుష్యునకు అన్నము చాలినదా యని యడిగినవాఁ డొక్కఁడును లేనిచో, ఆ మంత్రములు గాలిలోఁ గలిసినట్లే. ఆచారము పొలము గట్టువంటిది. గట్టు లేనిదే నీరు నిలువదు. గట్టు వేసి పైరు వేయనివానికిఁ బంట లేదు.

12వ శాసనము నేఁటి మన కవసరమైనది. సర్వమతములవారిని దానములతో, గౌరవములతోఁ బూజించుచున్నను, అన్నిమతములయందును సారము వృద్ధిపొందుటయే దానికంటె మేలని రాజు తలఁచెను. ఆ సారవృద్ధికి మూలమేదని చెప్పెనో వినుఁడు: వాగ్గుప్తి, అనఁగా నాలుకను గాచుకొనుట. తన మతముపైఁ బ్రేమచేతఁ బరమతమును దూషించువాఁడు తన మతమునకే హాని చేయుచున్నాఁడనియు, ఒకరి ధర్మము నొకరు వినవలయుననియు నతని భావము. ఊరేగింపు త్రోవనుగూర్చి, వాద్యములనుగూర్చి యూళ్లలోఁ గలహములు పుట్టుచున్నవి. అట్టి కలహము మొదటఁ గఱ్ఱతోఁ బుట్టదు. రచ్చబండపై నొక పెద్దమనిషి నవ్వుచుఁ బలికిన యొక యెత్తిపొడుపు మాటతోఁ బుట్టును. పెద్దవాని నాలుకపైఁ బుట్టినది పడుచువాని చేతికిఁ బోవును.

ఇఁక నొక యాక్షేపము. చట్టము లున్నవి, న్యాయస్థానము లున్నవి, మతముతోఁ బని యేమని చదివిన యువకు లడుగుదురు. ఆ ప్రశ్నను గోపముతోఁ ద్రోసివేయరాదు. సమస్త దండనాధికారము చేతనున్న చక్రవర్తియే దీనికిఁ బ్రత్యుత్తర మిచ్చెను. ఇప్పుడు ఢిల్లీలో నున్న తోప్రా స్తంభముపై 7వ శాసనమున, జనులలో ధర్మమును బెంచుటకు నియమములు విధించుట, మనస్సునకు నచ్చఁజెప్పుట యను రెండు మార్గము లున్నవనియు, నియమములవలన లాభము కొంచెమనియు, నచ్చఁజెప్పుటవలననే యధికమనియుఁ జెప్పెను.

ఒక యుదాహరణము. అర్ధరాత్రమునఁ గాలువ మడవకడ నొక రైతు పాఱతో నిలిచియున్నాఁడు. నీటివంతు పొరుగువానిది, పొరుగువాఁడు జ్వరముతోఁ బడియున్నాఁడు. లస్కరు నిద్రించుచున్నాఁడు. తన పైరు ఎండుచున్నది. రెండు పాఱపోట్లు వేసినచో నీరు తన చేనికి మళ్లును. ఆ చేతి నాపున దేది? చట్టము కచేరిలో నున్నది, చూచువాఁడు లేఁడు. పొరుగువాని బిడ్డలును తన బిడ్డలవంటివారే యను తలంపో, దేవుఁడు చూచుచున్నాఁడను భయమో యాపవలయును. ఏ పేరఁ బిలిచినను ఆ యాపునదియే మతసారము. అట్టిది లేని యూరిలో నొక్కొక్క మడవకడ నొక్కొక్క కావలివానిని నిలుపవలయును. ఆ కావలివానికి మఱియొక కావలి వలయును.

నడవడి యొక్కటియే చాలును, విశ్వాసముతోఁ బనిలేదని నా యభిప్రాయము కాదు. బిడ్డను శ్మశానమునకుఁ బంపిన యింటివానికి న్యాయాన్యాయ విచారము ఊఱట నీయదు. ఈ దుఃఖమునకు దరి యున్నదను నమ్మకము కావలయును. దానిని బ్రతిమతమును దన భాషలోఁ జెప్పుచున్నది. ఆ నమ్మకము మనుష్యుని నిలుపును. అట్లు నిలిచినవాఁడు ఇతరులను నిలుపవలయును.

తుదిమాట. అశోకుని తరువాత సుమారు 50 ఏండ్లకే మౌర్యరాజ్య మంతరించెను. బ్రాహ్మి లిపిని జదువఁగలవారు శతాబ్దములపాటు లేకపోయిరి. 1837 ప్రాంతమున జేమ్సు ప్రిన్సెపు మరల దానిని జదివెను. ఎఱ్ఱగుడి బండలు 1929 ప్రాంతమునఁ గాని పండితుల కంటఁ బడలేదు. అంతవఱకు ఆ చెంతఁ బసులు మేపుకొన్నవారు వానిపై నేమి వ్రాసియున్నదో యెఱుఁగరు. అయినను ముసలితండ్రికిఁ గూడు పెట్టుట, ఆడినమాట తప్పకుండుట, మూఁగజీవమును బాధింపకుండుట వారి యిండ్లలో నడచుచునే యుండెను. ఱాతిపై నున్నది మఱుఁగుపడినను, తల్లిని జూచి బిడ్డయు, తాతను జూచి మనుమఁడును నేర్చుకొన్నది నిలిచినది. కావున పెద్దలారా, నేఁడు మీ యరుఁగుపైఁ గూర్చున్న పిల్లవాఁడు మీ మాట వినుచున్నాఁడు; పొరుగు మతమువానినిగూర్చి మీరెట్లు పలుకుదురో, పాలేరున కెట్లు కూలి కొలుతురో చూచుచున్నాఁడు. వాని కదియే శాసనము.

స్వస్తి.