మీనము, మక్షికము: గతియు మతియు



"చేపపిల్లకు ఈత నేర్పవలెనా?" అని పెద్దల సామెత. నేర్పనక్కరలేదు, నిజమే. కాని ఆ యీత యెట్టిదో మనుష్యుడు నేర్చుకొనవలసియున్నది. అట్లే పనిలేనివానిని చూచి "ఈగలు తోలుకొనుచున్నాడు" అందుము. తోలిన యీగ యెట్లు తప్పించుకొనుచున్నదో విచారించినచో, అది పనిలేని పని కాదని తేలును.

గతిని తెలుపు ధాతువులు జ్ఞానమును గూడ తెలుపునని సంస్కృత వైయాకరణుల మాట. ఒక విషయము 'అవగతము' అయినదన్నప్పుడు ఆ పదములో గమనమే యున్నది. 'అవగాహనము' అను పదమునకు నీట మునుగుట యనియు నర్థము. భాషలో కనబడు ఈ బాంధవ్యము ప్రాణుల దేహములందును గలదు. తన గతిని తానెరిగిన ప్రాణికే చక్కని గతి.

మొదట చేపను చూతము. వరంగల్లు సీమ చెరువుల సీమ. కాకతి గణపతిదేవుని కాలమున, 13వ శతాబ్దములో వెలసిన పాకాల, రామప్ప చెరువులు నేటికిని నిలిచియున్నవి. రవ్వ, బొచ్చె, వాలుగ, జెల్ల, కొర్రమట్ట మన చెరువుల చేపలు. కొర్రమట్టను 2016లో తెలంగాణ రాష్ట్ర మత్స్యముగా ప్రకటించిరి.

నీరు గాలికంటె దాదాపు 800 రెట్లు సాంద్రమైనది. అట్టిదానిని చీల్చుకొని పోవుటకు తగినట్లుగా చేప దేహము కదురువలె రెండు కొనలయందు సన్నగిల్లినది. వెన్నెముక కిరుప్రక్కల నున్న కండరములు కుడియెడమలుగా ముడుచుకొనగా, ఒక యల తలవైపునుండి తోకకు సాగును. ఆ యల నీటిని వెనుకకు నెట్టును. నీరు చేపను ముందుకు నెట్టును.

బురదనీటిలో కన్నులకు కనబడున దెంత? రవ్వను చేతబట్టి చూచినచో, మొప్పమూత వెనుకనుండి తోకవరకు ప్రక్కన సన్నని గీత కనబడును. ఇది పార్శ్వరేఖ. ఆ గీత వెంబడి సన్నని రంధ్రములు, వాని లోపల నొక కాలువ, అందు జిగురుముద్దలలో నాటుకొనిన సూక్ష్మరోమములు గలవు. నీరు కదలినచో రోమములు వంగును. ఎటు వంగినవో నాడులు మెదడునకు చెప్పును. ప్రక్కనున్న రాయి, పైబడ వచ్చు వాలుగ, తోడి చేపల గుంపు నీటి కదలికచేతనే తెలియును. రవ్వ, బొచ్చె, జెల్లలకు మరియొక సాధనము గలదు. శబ్దమునకు కడుపులోని గాలితిత్తి అదరగా, చిన్న యెముకల వరుస ఆ యదురును లోచెవికి జేర్చును. 1820లో జర్మను శాస్త్రజ్ఞుడు వేబర్ ఈ యెముకలను వర్ణించెను.

ఈదునప్పుడు చేప తాను రేపిన కదలికయే ఆ రోమములను తాకును గదా! అప్పుడు మెదడునుండి వచ్చు నాడులు పార్శ్వరేఖ స్పందనను కొంత యణచును. తన సందడి తగ్గించుకొన్నగాని పరుల సందడి తెలియదు. సభలకును ఈ నీతి చెల్లును.

ఇక ఈగ. పెక్కు కీటకములకు రెక్కలు నాలుగు; ఈగకు రెండే. వెనుకటి జత గుండుసూదులవంటి రెండు కాడలైనది. వీనిని హాల్టిర్లు అందురు. వీనిని తొలగించినచో ఈగ యెగురుటలో తూలిపోవునని 18వ శతాబ్దారంభముననే ఇంగ్లండులో డెర్హాం గుర్తించెను. కారణమును 1948లో ప్రింగిల్ వివరించెను. ఇంటి యీగ రెక్కలు సెకనుకు దాదాపు 200 మారులు కొట్టుకొనును. కాడలును అంతే వేగముతో ఊగును. దేహము ప్రక్కకు మలగినను ఊగుచున్న కాడ తన పూర్వపు దారిని విడువజాలక మొదట వంగును. ఆ వంపు తెలిసినంతనే రెక్కల కండరములు తప్పు సవరించును. కన్నో, వేలకొలది చిన్న కన్నుల కూర్పు. మనకు రెప్పపాటైన కాలము దానికి తీరికయైన కాలము. అందుచేతనే ఈగ చేతికి చిక్కదు.

ఈగకు రుచి పాదములందును గలదు. కాలు మోపి తీపిని తెలిసికొనును. పెంటకుప్పను రుచిచూచిన పాదములతోనే అన్నమును రుచిచూచును. విరేచనములు, టైఫాయిడు మొదలగు రోగముల క్రిములను మోసికొనివచ్చును. కావున వేగమున మనలను మించిన ప్రాణిని తోలుట వృథాశ్రమ. పెంటను దూరముగా గుంతలో పూడ్చుట, అన్నమునకు మూతపెట్టుట ఉపాయము.

చెరువు విషయమున ఇంకొక హెచ్చరిక. నీట కరగిన రాగి పార్శ్వరేఖలోని రోమకణములను చంపునని పరిశోధనలు చూపినవి. పైరుతెగుళ్లకు చల్లు మైలుతుత్తము రాగి లవణమే. మందుడబ్బాలను చెరువున కడిగినవాడు చేపను వెంటనే చంపకపోవచ్చును. కాని దాని తెలివిని హరింపవచ్చును. దారి తెలియని చేప శత్రువు నోటబడును. నష్టము వలవేసిన బెస్తవారికి, ముదిరాజులకు, తుదకు ఊరందరికిని.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము పుస్తకములను జనులచెంతకు జేర్చినది. కావ్యముల సరసన ప్రకృతిశాస్త్ర గ్రంథములును పెరుగవలెను. బాలబాలికలు పుస్తకము చదివి చెరువును చూడవలెను; చెరువును చూచి మరల పుస్తకము తెరవవలెను. అట్టి రాకపోకలే నిజమైన అవగమనము. స్వస్తి.